మంచె మీద గొంతు

జవళగిరి అడవి అంచున రాగి కోతకొచ్చిందంటే ఏనుగులూ వస్తాయి. అందుకే పక్కపక్క చేలవాళ్ళు రాత్రంతా ఎవరి మంచె మీద వాళ్ళుండి, ఒకరు కునుకు తీస్తే ఇంకొకరు కేకలేస్తూ కాస్తారు.

అశ్వత్థప్ప మాత్రం మంచెను వదిలి మంచాన్ని నమ్ముకున్నాడు. తన కేకను స్పీకర్‌లోకి ఎక్కించి, స్పీకర్‌ను మంచె ఎక్కించి, ఇంట్లో ముసుగు తన్నేవాడు. "మేలుకొనే ఉండానమ్మోయ్!" అని అది మాటిమాటికీ రాగం తీస్తుంటే, పక్క చేనులో ఒంటరిగా కాసే అంజనమ్మ నమ్మి కన్ను మూసేది.

ఆ రాత్రీ దుప్పట్లోంచి తన కేక విని నవ్వుకున్నాడు. పక్కకు ఒత్తిగిలితే మోచేతికి గట్టిగా ఏదో తగిలింది.

స్పీకర్. చార్జింగ్‌కు పెట్టి మరిచిపోయాడు.

చేను వైపు నుంచి మళ్ళీ వినిపించింది. "మేలుకొనే ఉండానమ్మోయ్! నువ్వు పండుకో!"

చివరి మాట అతను రికార్డు చేసింది కాదు.

చెప్పులైనా లేకుండా పరిగెత్తాడు. చీకట్లో తన మంచె కింద నిలబడి అరిచాడు. "అంజనమ్మా! అశ్వత్థప్పను నేను! పైన ఇంకెవరో ఉండారు!"

"గొంతు అచ్చం దించేస్తే అశ్వత్థప్పవైపోతావా?" అవతలి మంచె మీంచి అంజనమ్మ కసిరింది. "ఆయప్ప ఆడనే ఉండాడు. ఇన్ని రేయిలూ నాకోసరం కన్ను మూసినోడు కాదు. పో, పో!"

వెనక రాగి వెన్నులు ఒరుసుకుంటున్న చప్పుడు. ఏదో పెద్దది, నిదానంగా దగ్గరవుతోంది.

అతను నిచ్చెన కోసం చేయి చాచాడు.

పైనుంచి ఎవరో దాన్ని మెల్లగా లాక్కున్నారు.