మూడో కుర్చీ

సెలూన్లో మూడో కుర్చీ పొద్దుట్నుంచీ ఖాళీగానే ఉంది. మిగతా రెండు కుర్చీల కోసం బెంచీ మీద ఐదుగురు కాచుక్కూర్చున్నారు.

"ఖాళీయే, రండి," అన్నాడతను, ఆ కుర్చీ వెనక నిలబడి.

అందరూ పేపర్లో తలలు దూర్చారు.

అతను వాళ్లను తప్పుపట్టలేదు. తాగిన మైకంలో ఒక మనిషి గొంతు కోసి పన్నెండేళ్లు జైల్లో ఉండొచ్చినవాడికి గడ్డం ఎవరప్పగిస్తారు? ఈ పని నేర్చుకున్నది జైల్లోనే. ఎంత నిద్రపోయినా తీరని ఈ అలసట అంటుకున్నదీ అక్కడే.

"ఇలా అయితే కష్టం తమ్ముడూ," అన్నాడు సెలూన్ ఓనరు గొంతు తగ్గించి. "కుర్చీ దుమ్ము దులపడానికా నిన్ను పెట్టుకున్నది? శనివారం శనివారం వచ్చే ఆ పెద్దాయన కూడా మానేశాడంటే ఇక నీ దారి నువ్వు చూసుకో."

పదకొండింటికి పెద్దాయన వచ్చాడు. చర్చిలో ప్రసంగాలు చేస్తాడు. నాలుగు నెలలుగా ఒక్క శనివారం తప్పకుండా, రెండు బస్సులు మారి వస్తున్నాడు. ఎప్పుడూ మూడో కుర్చీలోనే కూర్చుంటాడు.

"మీ పేటలో సెలూనే లేదా అయ్యగారూ?" నవ్వాడు ఓనరు.

"నాలుగున్నాయి."

అతను తెల్లగుడ్డ కప్పి, నురగ పూశాడు. అద్దంలోకి చూడలేదు. పెద్దాయన కళ్లను తప్పించుకుంటూ పని చెయ్యడం అలవాటైపోయింది.

"రేపు దేని మీద ప్రసంగం?" ఓనరుకి ఊరుకోవడం రాదు.

"కృప. అర్హత లేనివాడికి ఊరికే దొరికేది."

"ఊరికేనా! భలే బేరమే."

"పుచ్చుకునేవాడికి ఊరికే." పెద్దాయన గొంతులో ఓపిక లేదు. "ఇచ్చేవాడు మాత్రం వారం వారం మళ్లీ మొదట్నుంచీ ఇవ్వాలి. ఇచ్చేశాం, అయిపోయింది అనుకుంటాం. తెల్లారేసరికి వెనక్కి లాక్కుని ఉంటాం."

"మరి విశ్వాసం?"

పెద్దాయన తల వెనక్కి వాల్చాడు. కళ్లు మూసుకున్నాడు. ముడతల గొంతు పైకి లేచింది.

కత్తి ఆనగానే, ఎప్పటిలాగే, తెల్లగుడ్డ కింద పెద్దాయన వేళ్లు కుర్చీ చేతుల్ని బిగించి పట్టుకున్నాయి.

బెంచీ మీద ఒకాయన ఇక ఉండబట్టలేకపోయాడు. "పెద్దాయనా, మీకెవరూ చెప్పినట్టు లేదు. అది మనిషిని చంపిన చెయ్యి!"

కత్తి ఆగింది.

అయిపోయింది, అనుకున్నాడతను. ఈ ఉద్యోగం, ఈ శనివారాలు, అన్నీ. విచిత్రంగా బరువు దిగినట్టు కూడా అనిపించింది. ఈయన లేచి వెళ్లిపోతే బాగుండు. తిట్టి వెళ్తే ఇంకా బాగుండు. తిట్లు మొయ్యడం అతనికి వచ్చు. నమ్మి అప్పగించిన గొంతును మొయ్యడమే చేతకావడం లేదు.

పెద్దాయన కళ్లు తెరవలేదు.

"తెలుసు," అన్నాడు. "కానివ్వు బాబూ. ఎడమవైపు ఇంకా మిగిలింది."



కోర్టులో తన మీద విచారణ జరిగిన మూడేళ్లూ చచ్చిపోయిన కొడుకు ఫోటో ఒళ్లో పెట్టుకుని ముందు వరుసలో కూర్చున్న ఆ తండ్రి గొంతు మీద, అతను మళ్లీ కత్తి ఆనించాడు.