నాలుగు ధారల ఫవారా

"గుర్తు తెచ్చుకో అవ్వా. నువ్వు సాక్ష్యం చెప్పకుంటే నా బండి పోతది," నగేశ్ మళ్లీ బతిమాలాడు.

నానమ్మ సాలవ్వను పొద్దున్నే ఎల్లారెడ్డిలో బస్సెక్కించి కామారెడ్డి తీసుకొచ్చాడు. రోడ్డు వెడల్పు కోసం పాత బజారులోని రాతి ఫవారాను మర్నాడే కూలగొట్టబోతున్నారు. నిజాం కాలంలో ఊరికి మంచినీళ్లిచ్చిన ఫౌంటెన్ అది. ఎండిపోయి అరవై ఏళ్లయినా ఎవరికీ పట్టలేదు గానీ, పోయే ముందు దానికి చరిత్ర కావాల్సి వచ్చింది. ఆ నీళ్లు తాగినవాళ్లు ఒక్కరైనా సాక్ష్యం చెబితే ఆపుతారట. బజారులో అందరికంటే పాత కొట్టు యజమాని ఘనీ సేఠ్ బతికుంటే ఆయనే చెప్పేవాడు. ఇక మిగిలింది, చిన్నప్పుడు తల్లిదండ్రులతో ఈ బజారుకు కూలికొచ్చిన సాలవ్వే. ఫవారా గోడను ఆనుకునే నగేశ్ టీ బండి, ఆ బండి మీదే ఇద్దరు పిల్లల చదువు.

విచారణకొచ్చిన అధికారి తహ్మీనా మంచి పిల్ల. ముసలామెను కుర్చీలో కూర్చోబెట్టి ఓపిగ్గా అడిగింది. ఏ వైపు ధార సన్నగా వచ్చేదో, గొలుసులకు ఎన్ని ఇత్తడి గ్లాసులు వేలాడేవో, పొద్దున్నే ముందుగా ఎవరొచ్చేవారో సాలవ్వ పూసగుచ్చినట్టు చెప్పింది. తహ్మీనా మురిసిపోతూ రాసుకుంది.

"నీళ్లెట్లుండేవి అవ్వా?"

"సల్లగుంటయనేటోళ్లు."

"అట్ల కాదు. నువ్వు తాగినవా? ఆ మాట నీ నోట రావాలె."

సాలవ్వ ఎండిన తొట్టి వైపే చూస్తూ కూర్చుంది. అంతా చెప్పి అసలు మాట దగ్గర మతి తప్పిందేమోనని నగేశ్ భయపడ్డాడు. వంగి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆమె మనవడి ముఖంలోకి చాలాసేపు చూసింది.

"తాగిన. రాసుకో బిడ్డా," అంది.

వేలిముద్ర వేసింది. తహ్మీనా అక్కడినుంచే ఫోన్ చేసి కూల్చివేత ఆపించింది. ఫవారా దగ్గర పెట్టే బోర్డులో సాలవ్వ పేరు కూడా వేయిస్తానని చెప్పి వెళ్లింది.

నగేశ్‌కు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. మంచి టీ పెట్టి, ఫవారా అరుగు మీద కూర్చుని తాగమన్నాడు. సాలవ్వ కుర్చీలోంచి కదల్లేదు.

"నీకు సంబురం లేదా అవ్వా? నీ ఒక్క మాటతోని నిలిచింది," అన్నాడు.

ఆమె ఫవారా వైపు చూడకుండానే మెల్లగా చెప్పింది.

"ఆ నీళ్లు ముట్టినందుకే మా బాపును గా రాయికి కట్టేసి కొట్టి సంపిండ్రు."