గలీబు ముసుగు

భుజానికి ఆపరేషన్ చేయించుకుని వచ్చిన మా ఆయన హెడ్లీ మేడమీద పడుకున్నాడు. ఆ నొప్పి మాత్రలు వేసుకుంటూ మద్యం తాగితే నిద్రలోనే ఊపిరి ఆగిపోవచ్చని నర్సు గట్టిగా చెప్పింది. పండగ రోజులైనా సరే, రమ్ము సీసా దాచేశాను.

సాయంత్రం ఎవరో తలుపు తట్టారు. తీస్తే ఎదురుగా ముసుగు మనిషి. ఒంటిమీద ఆడవాళ్ల గౌను, తలకు దిండు గలీబు. క్రిస్మస్‌కి మా న్యూఫౌండ్‌లాండ్ రేవుల్లో ఇలా వేషాలేసుకుని ఇల్లిల్లూ తిరగడం మామూలే. వచ్చింది ఎవరో ఇంటివాళ్లు పోల్చుకుంటే ముసుగు తీస్తారు. అప్పుడు వాళ్లకు రమ్ము పోసి తీరాలి.

"నేనెవరో చెప్పుకో చూద్దాం," అన్నాడు, గొంతు తెలియకుండా గాలి లోపలికి పీలుస్తూ.

"పోస్టుమాస్టారా?"

కాదన్నట్టు తల ఊపాడు.

రేవు ఆ చివర ఇంటి నుంచి వరుసగా ఒక్కొక్కరి పేరే అడుగుతూ వచ్చాను. చర్చిలో గంట కొట్టే ఆయన, పడవలకు రంగులేసే ఆయన, ఆఖరికి పాస్టరుగారు కూడా అయిపోయారు.

"పాస్టరుగారికి ఇంత పొట్ట ఉందా?" అని విసుక్కున్నాడు.

"పోనీ, పాస్టరుగారి భార్యా?"

దాంతో గలీబు లాగి పారేశాడు. "ముప్పయ్యేళ్లు కాపురం చేసి, కట్టుకున్నవాణ్ణి పోల్చుకోలేకపోయావుటే ఎఫీ?"

"గుమ్మంలోనే పోల్చుకున్నాను. కట్టు కట్టిన భుజం గౌనులో దాగుతుందా? పేరు చెబితే రమ్ము పోయాలిగా. ఇప్పుడు నీ అంతట నువ్వే ముసుగు తీశావు, ఇక రమ్ము లేదు. కూర్చో, టీ పెడతాను."

ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు.

"వచ్చే క్రిస్మస్‌కి రా," అన్నాను. "మొదటి మాటకే నీ పేరు చెప్పేస్తాను."