మూల కోసిన పరుపు

“బూట్లు విప్పి సరిగ్గా పడుకోవే. బస్సు కోసం కాచుకున్నట్టు ఆ అంచున కూర్చుంటే పరుపు సంగతేం తెలుస్తుంది?” అంది డార్లీన్.

వెల్డా బూట్లయితే విప్పింది గానీ కాళ్లు పైకి పెట్టలేదు. “కొనేది నువ్వు. పడుకునేది నువ్వూ, మీ ఆయనా. మధ్యలో నేనెందుకే?”

“మోకాలు పట్టేసిందని పొద్దుట్నుంచీ మొత్తుకుంటున్నానా? నీదీ నాదీ ఒకటే ఒడ్డూ పొడుగూ. నువ్వు పడుకుంటే నేను పడుకున్నట్టే.” కుర్చీలో చేరగిలబడి, ఈమధ్య వదులైపోయి మోచేతి దాకా జారిన గడియారాన్ని మణికట్టుకు లాక్కుంది డార్లీన్.

అమెరికాలో యూమా అనే ఊళ్లో పరుపుల కొట్టు అది. ఊరి బయట ఎడారిలో, మంచం, వంటగది, బాత్రూం అన్నీ లోపలే ఉండే ఇంటిబండ్లు నిలుపుకుని చలికాలం గడిపే ముసలివాళ్లంతా పరుపులకు అక్కడికే వస్తారు. వెల్డా బండి, డార్లీన్, ఆమె భర్త మెర్విన్‌ల బండి ఏటా పక్కపక్కనే ఆగుతాయి. తన భర్త చనిపోయిన ఏడాది వెల్డా బండి అమ్మేసుకుని వెళ్లిపోతానంటే, “నోరు మూసుకుని ఇక్కడే ఉండు” అని ఆపింది డార్లీనే. అప్పట్నుంచి రాత్రి భోజనం వాళ్లతోనే. గ్యాసు సిలిండరు మార్చాలన్నా, నీళ్ల గొట్టం బిగించాలన్నా మెర్విన్ అడిగించుకోకుండా వచ్చేవాడు. ఎప్పుడు మొదలైందో ఏమో, పక్క బండిలో ఆయన దగ్గు వినబడితే తప్ప వెల్డాకు తెల్లవారినట్టుండేది కాదు. ఆ ముక్క ఆమె ఎవరితోనూ అనలేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే మనిషి కాదు తను.

ఇంతలో మొన్న డార్లీన్ ఆమె నెత్తిన పిడుగేసింది. ఈ చలికాలమే ఆఖరట. ఇక్కణ్ణించి కదిలితే మళ్లీ రాదట. కదిలేలోపు బండిలో పరుపు మార్చాలట. వెల్డా తల ఊపి, తన బండిలోకి పోయి తలుపేసుకుని ఏడ్చింది. ఉన్న ఒక్క స్నేహితురాలూ పోతోంది, ఆయనా పోతున్నాడు. ఎవరి కోసం ఎక్కువ ఏడుస్తోందో తనకే తెలియలేదు.

కొట్టు యజమాని ఒర్టేగా టేపు పట్టుకుని వచ్చాడు. “మంచం కొలిచారా అమ్మా? ఇళ్లల్లో వేసే పరుపు పట్టుకెళ్లి, బాత్రూం తలుపు తెరుచుకోవట్లేదని తిరిగొచ్చేవాళ్లతో చస్తున్నాను.”

“కొలిచాను నాయనా. ఇంటి పరుపుకన్నా పొట్టి. కాళ్ల దగ్గర ఒక మూల కోసేసుండాలి, లేకపోతే అటూ ఇటూ నడిచినప్పుడల్లా తొడ తగిలి కమిలిపోద్ది.”

“గోడ వైపు ఎవరు పడుకుంటారు?”

“మా ఆయన.” డార్లీన్ వెల్డా వైపు తిరిగింది. “నువ్వయితే ఎటు?”

“నేనా? రాత్రిళ్లు లేస్తుంటాను. దారి వైపే.”

“సరిపోయింది. గట్టిదా, మెత్తనిదా?”

“నీకు గట్టిదే కదా ఇష్టం.”

“నా గోలెందుకు? నీ నడుమేమంటోందో చెప్పు.”

“నిద్ర సుఖమెరగదంటారు. ఏదో ఒకటి తీసుకుందూ.”

“ఆ మాటన్నవాడు ఇంటిబండిలో పడుకుని ఉండడు.”

ఒర్టేగా నవ్వాడు. వెల్డా ఇక తప్పక మెత్తని పరుపు మీద వాలింది. నడుముకు హాయిగా ఉంది. కళ్లు మూసుకుంది. రెప్పపాటు సేపు, గోడ వైపు నుంచి ఒక మనిషి ఊపిరి వినిపించినట్టయింది. ఉలిక్కిపడి లేచి కూర్చుంది.

“ఏమైందే? మొహం అలా ఎర్రబడింది?”

“ఏం లేదు. ఉక్క. నాకసలు ఒక్కదాన్నే పడుకోవడం అలవాటు.”

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ జవాబు. డార్లీన్ ఆమె వంక చూసి మెల్లగా నవ్వింది. వెల్డా చూపు తిప్పుకుంది. తెలిసిపోయిందా? అందుకేనా బండి తోలుకుని దూరంగా పోతోంది? వాళ్లిద్దరూ పడుకోబోయే పరుపును తన చేతే ఎంపిక చేయించి, తన హద్దేమిటో చూపిస్తోందా?

“ఎత్తి చూడు,” అంది డార్లీన్. “సామాన్ల అర దాని కిందే. ఒంటి చేత్తో లేవాలి.”

వెల్డా ఎత్తింది. తేలిగ్గానే లేచింది.

“పదేళ్ల గ్యారంటీ అమ్మా,” అన్నాడు ఒర్టేగా.

“అప్పటికి మా ఆయనకి ఎనభై దాటతాయి. చాలు, ఇదే ఇచ్చెయ్యి. కాస్త మూల కోసిపెట్టు.”

చుట్టకట్టిన పరుపును ఒర్టేగా డార్లీన్ ట్రక్కులో పడేసి లోపలికి వెళ్లిపోయాడు. డార్లీన్ తాళాలు వెల్డా చేతిలో పెట్టి, “నువ్వే తోలు,” అని పక్క సీటులో కూర్చుంది. వెల్డా తాళం పెట్టింది గానీ తిప్పలేదు.

“నా మీద కోపమా డార్లీన్?”

“ఎందుకే?”

“నీకు తెలుసు. తెలిసే ఇక రానంటున్నావు. ఒట్టేసి చెప్తున్నాను, నేనెప్పుడూ నోరు జారలేదు. ఆయనకు తెలియను కూడా తెలియదు. నన్ను అసహ్యించుకోకు. నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు.”

“ఎప్పుడో తెలుసు. ఆయన పేరెత్తితే చాలు, నీ మొహం నీ మాట వినదు.”

“మరి తెలిసీ నన్నెందుకే ఆ పరుపు మీద పడుకోబెట్టావు?” వెల్డా వెక్కి వెక్కి ఏడ్చింది. “తిట్టినా బాగుండేది కదే.”

డార్లీన్ తన చొక్కా చేతితో ఆమె చెంపలు తుడిచింది. ఎముకలు తేలిన ఆ చెయ్యి చల్లగా తగిలింది.

“నేను పోయాక ఆయన పక్కన పడుకోవాల్సింది నువ్వేగా.”