మంగి ‘ఉష్’ అన్న చోట

నాటకానికి గంట ముందు నాగలత చీర కుచ్చిళ్లు ఊడిపోయాయి.

చీరలు కట్టే మనిషి జ్వరమని ఖమ్మంలోనే ఆగిపోయింది. నాటకం పెట్టించిన పాల్వంచ కాలనీ క్లబ్బు వాళ్లు అప్పటికప్పుడు ఒక ముసలామెను పంపారు. పేరు అంతోనమ్మ. కరెంటు ప్లాంటులో పనిచేసే బెంజమిన్ తల్లి. దమ్మపేటలో జాకెట్లు కుడుతుంది. రెండు రోజులు కొడుకు దగ్గర ఉందామని వచ్చి ఇలా దొరికిపోయింది.

నాలుగు పిన్నీసులు చేతిలో పట్టుకుని నాగలత ముందు కూర్చుంది.

"ఏం వేషం బిడ్డా?"

"మంగి. రాణిగారి వంటమనిషి. నవ్వించే వేషం. భయమైతున్నదవ్వా. ఇయ్యాలే మొదలు."

భయం కాదా మరి? వెనక అడవి సెట్టు తీసి దర్బారు కట్టేదాకా మంగి ఒక్కతే తెర ముందు నిలబడి, పాట పాడి నవ్వించాలి. జనం నవ్వకపోతే ఈ వేషం ఇంకొకరికి ఇచ్చేస్తానని నాటక సమాజం యజమాని బసవపున్నయ్య పొద్దున్నే తేల్చి చెప్పాడు. చెలికత్తె వేషాల్లో ఓ మూల నిలబడి నిలబడి నాగలతకు ఆరేళ్లు గడిచాయి. ఇది పోతే మళ్లీ ఆ మూలకే.

గదిలో బల్ల మీద, పోయిన కళాకారుల ఫొటోలు వరసగా పెట్టారు. వాటికి దండలేసి, ఊదుబత్తి వెలిగిస్తే గానీ ఆ సమాజం తెర ఎత్తదు. చివరి ఫొటో సత్తుపల్లి మంజులది. నలభై ఏళ్ల కిందట మంగి అంటే ఆమే. బుగ్గల నిండా మసి, రూపాయి బిళ్లంత బొట్టు. ఆ ఫొటోలో అసలు మొహం ఎక్కడుందో వెతుక్కోవాలి.

అంతోనమ్మ దాని ముందు ఆగింది.

"ఈమె పోయిందా?"

"పోయి చానా ఏండ్లయిందంట. మా సార్‌కు ఎవరో చెప్పిన్రు."

"అట్లనా!" ముసలామె పెదాలు బిగబట్టింది. పాపం, జాలిపడుతోంది అనుకుంది నాగలత. "దండ మంచిగున్నది. బంతిపూలు."

పక్కకు జారిన దండను సరిచేసి మళ్లీ కుచ్చిళ్ల దగ్గరికి వచ్చింది.

నాగలత ఫోనులో మంజులమ్మ పాత రికార్డు పెట్టుకుని వెంట పాడసాగింది.

"రాజుగారి కూరలోన ఉప్పెవ్వరేసిరే..."

పాట మధ్యలో మంజులమ్మ ఠక్కున ఆగి "ఉష్!" అంటుంది. రికార్డులో జనం విరగబడి నవ్వుతారు. అప్పటినుంచి మంగి వేసిన ప్రతి మనిషీ అక్కడ ఆగి, పక్కకు తిరిగి, మూతి మీద వేలు పెట్టి "ఉష్!" అనాల్సిందే. సమాజంలో అది శాస్త్రం.

నాగలతా ఆగింది. "ఉష్!"

"ఎవర్ని?" అడిగింది అంతోనమ్మ.

"ఏంది?"

"ఉష్ అన్నది ఎవర్ని?"

"ఎవర్నీ కాదు. అది మంజులమ్మ స్టైలు."

"స్టైలు గాదు బిడ్డా. ఆ రికార్డు పట్టిన రోజు తెర పక్కన పిల్లోడు పాలకు ఏడ్చిండు. వాన్ని ఊకోబెట్టింది, గంతే. నువ్వు ఉత్త గోడను ఊకోబెడుతున్నవ్. గోడ ఏడుస్తదా?"

"నీకెట్ల తెలుసవ్వా?"

"నేనప్పుడు గాడ్నే ఉన్న."

నాగలతకు ఒళ్లు మండింది. "జాకెట్లు కుట్టేటోల్లు గూడ మంజులమ్మకు వంకలు పెడితే ఎట్ల? నువ్వు కుచ్చిళ్లు చూస్కో అవ్వా."

అంతోనమ్మకు కోపం రాలేదు. ఇంకో పిన్నీసు తీసింది.

నాలుగింటికి తెర లేచింది. హాలు నిండింది. అడవి సీను అయి తెర పడగానే నాగలత గరిటె పట్టుకుని దాని ముందుకు వచ్చింది.

మొదటి చరణానికి ఎవరూ నవ్వలేదు. రెండో చరణానికి ముందు వరసలో ఒకాయన ఫోను తీశాడు. బసవపున్నయ్య మొహం మాడిపోవడం ఇక్కడికే కనిపిస్తోంది. అయిపోయింది, నా పని అయిపోయింది అనుకుంటూనే అలవాటు కొద్దీ పక్కకు తిరిగింది.

తెర పక్కన అంతోనమ్మ నిలబడి ఉంది.

రాజుగారి తలపాగా గుడ్డను చంటిపిల్లాడిలా చుట్టి, భుజాన వేసుకుని ఊపుతోంది. ఎంతకీ ఊరుకోని పిల్లాడి తల్లి మొహం పెట్టింది. నీ పాటకే లేచాడన్నట్టు నాగలతను గుర్రుగా చూసింది.

నాగలత పాట మరిచిపోయింది.

"ఉష్ష్!" అంది, నిజంగానే కంగారుపడి. తర్వాత జనం వైపు భయంగా చూసి, పిల్లాడు మళ్లీ ఏడుస్తాడేమోనని మిగతా పాటంతా గుసగుసగా పాడింది.

హాలు గొల్లుమంది. ఫోను తీసినాయన కళ్లు తుడుచుకున్నాడు. వెనక దర్బారు ఎప్పుడో సిద్ధమైంది, అయినా జనం వదల్లేదు. "వన్స్ మోర్!" అంటే మూడుసార్లు పాడింది.

"ఇగ మంగి నీదే నాగలతా," అన్నాడు బసవపున్నయ్య నాటకం అయ్యాక. "ఎవ్వలడిగినా ఇయ్య."

నాగలత గదిలోకి పరుగెత్తింది. ముసలామె లేదు. తలపాగా గుడ్డ మడతపెట్టి ఉంది, దాని మీద పిన్నీసులు.

"అవ్వేది?"

"దమ్మపేట బస్సుకు టైమైందని ఆటో ఎక్కింది," చెప్పారెవరో.

నాగలతకు సిగ్గేసింది. ఆమెను అంతమాట అన్నది, ఒక మంచిమాటైనా చెప్పలేదు.

అంతలో డ్యూటీ దిగి బెంజమిన్ వచ్చాడు. "మా అమ్మ ఏదండీ? బస్టాండుల దింపుదామని వచ్చిన."

"పోయింది అన్నా. మంజులమ్మ పాడిన రోజు తెర పక్కన పిల్లోడు ఏడ్చిండని చెప్పింది. గా మాటతోనే ఇయ్యాల గెలిచిన. రేపే దమ్మపేట పోయి కాళ్లు మొక్కుతా."

బెంజమిన్ బల్ల దగ్గర ఆగిపోయాడు. చివరి ఫొటో వైపు ఒక్క క్షణం చూసి, బంతిపూల దండ తీసేశాడు.

"అయ్యో, తియ్యకన్నా! అది మంజులమ్మ ఫొటో."

"ఎరికే చెల్లె," అని నవ్వాడు బెంజమిన్. "ఆ రోజు తెర పక్కన ఏడ్చింది నేనే."