కచేరీ చెక్కలు

"గట్టిగా కొట్టు ఆచారీ! జమీందారు దర్పం మళ్లీ పైకి లేవకూడదు," అన్నాడు చెంచురామయ్య.

జమీందారీలు రద్దయినాక పడగొట్టిన జమీందారు కచేరీ నేలచెక్కల్ని వేలంలో పాడుకొచ్చి, ఆత్మకూరులో తన మేడగదికి పరిపించి మేకులు కొట్టిస్తున్నాడు.

"మా నాయన ఈ చెక్కలు తొక్కాలంటే చెప్పులు బయట విడవాల్సిందే. నేను చెప్పులతోనే తిరుగుతా, చూస్తా ఉండండి!"

ఆఖరి మేకు దిగింది.

"ఇంక తిరగండి," అన్నది భార్య ఆదిలక్ష్మమ్మ.

చెంచురామయ్య మీసం దువ్వుకుంటా గదంతా కలయదిరిగినాడు. ఆచారి నవ్వాపుకోలేక మొహం తిప్పుకున్నాడు.

"ఏందయ్యా ఆ నవ్వు?"

ఆదిలక్ష్మమ్మ వేలు చూపించింది. కొత్త కిర్రుచెప్పులు గడప అవతలే ఒద్దికగా ఉండాయి. భుజాన ఉన్న కండువా ఎప్పుడో చంకలోకి దిగింది.

"జమీందారీ రద్దయిందని మీ కాళ్లకింకా కబురు అందలేదా ఏంది?"