నోరు తెరిచే కసరత్తు

"ఇంకొంచెం తెరువు ద్వాలీ, డాక్టరమ్మ చెప్పింది గద," అన్నాడు రెడ్యా.

భార్య దవడ, మెడ, తల నొప్పులకు ఖమ్మం దవాఖానాలో మందులు రాయలేదు. పళ్ళు బిగబట్టడం మానాలి, కసరత్తు చెయ్యాలి, మనసులో ఉన్నది ఎవరితోనైనా చెప్పుకోవాలి అన్నారు. చెప్పుకోవడం సంగతి రెడ్యా పట్టించుకోలేదు. కసరత్తు మాత్రం పత్తి చేనుకు పోయేముందు రోజూ దగ్గరుండి చేయిస్తాడు. వేడినీళ్ళలో ముంచిన తువ్వాలతో మెడకు తనే కాపడం పెడతాడు.

"గిట్ల కాపడం పెట్టే మొగుడు మాకు దొరకకపాయె గదనే ద్వాలీ!" అని పక్కింటి ఆడవాళ్ళు ఎగతాళి చేస్తారు.

ద్వాలి గదవ కింద రెండు వేళ్ళు ఆనించి మెల్లగా దవడ దించింది.

"ఇగ 'ఆ' అను. జర గట్టిగ."

"ఆ..." అంది ద్వాలి. ఆ శబ్దం ఆగలేదు. సాగింది, వణికింది, ఏడుపు పాటైంది. ఎవరైనా పోతే తండా ఆడవాళ్ళు ఒకరి మెడ ఒకరు పట్టుకొని పాడే పాట అది. అందులో కూతురి పేరు వినపడింది.

రెడ్యా చెయ్యి చటుక్కున ఆమె నోరు మూసింది.

"మెల్లగ! తండా వింటది. మనకు బిడ్డే లేదని చెప్పినం గద."

ములకలపల్లిలో చర్చికి పోయే అబ్బాయిని పెళ్ళి చేసుకున్న ఆ కూతురు కాన్పులో పోయిందని కబురొచ్చిన నాడు కూడా, అదే చెయ్యి ఆ నోటిని ఇట్లాగే మూసింది. దవడ నొప్పి మొదలైంది ఆనాడే.

ద్వాలి పళ్ళు మళ్ళీ బిగుసుకున్నాయి. రెడ్యా చెయ్యి తీసి, తువ్వాలను వేడినీళ్ళలో ముంచాడు.